అత్తయ్య చీర ఉయ్యాల

నల్లగండ్లలో మా ఫ్లాటు పడకగది పైకప్పుకి ఒక ఇనుప కొక్కెం ఉంది. ఇప్పుడు దానికేమీ వేలాడటం లేదు. మొన్న గోడలకి రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ, "ఇది పీకేసి లప్పం పెట్టేయమంటారా మేడం" అని అడిగితే, ఎవరో నా చెయ్యి పీకేస్తానన్నంత గట్టిగా వద్దన్నాను. పాపం, నిచ్చెన మీదున్న మనిషి బిత్తరపోయాడు. నా కూతురికిప్పుడు ఐదేళ్ళు. ఆ కొక్కెం ఎందుకుందో దానికి తెలియదు. కొక్కేనికో తాడు కట్టి కోతిలా వేలాడాలని దాని కోరిక.

కొక్కెం పెట్టించింది మా అత్తయ్య. పిల్ల పుట్టింది రాజమండ్రిలో, మా అమ్మ దగ్గర. నాలుగో నెలలో దాన్నెత్తుకుని హైదరాబాదు వచ్చేసరికి ఇక్కడి ఏర్పాట్లన్నీ నేను ముందే చేసేశాననుకున్నాను. కరెంటుతో ఊగే ఉయ్యాల ఒకటి తెప్పించాను. మీట నొక్కితే అదే ఊగుతుంది, అదే పాడుతుంది, పిల్ల ఏడుపు వినబడితే అదే వేగం పెంచుతుంది. అత్తయ్యది సిద్దిపేట వైపు. మామయ్య పోయాక మాతోనే ఉంటున్నారు. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"గిదేంది బిడ్డా, గిర్నీ మోగినట్టు మోగుతుంది? పసిపిల్లను గిర్నీల పెడ్తమా?"

ఉయ్యాలని పిండిమరతో పోల్చేసరికి మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. దాన్ని ఎంచుకోవడానికి ఎన్ని రాత్రులు ఎంతమంది తల్లుల అభిప్రాయాలు చదివానో వీళ్ళకేం తెలుసు? పిల్ల మాత్రం విషయం తేల్చేసింది. అందులో పడుకోబెట్టగానే ఒళ్ళు బిగబట్టి, ఉయ్యాల పాట వినబడకుండా ఏడ్చింది. మర్నాడు అత్తయ్య కొడుకుని పిలిచి పైకప్పు చూపించారు.

"తొట్టెల కట్టాలె. ఆడ కొండి కొట్టియ్యిరా."

మేం ఉయ్యాల అనేది వాళ్ళకి తొట్టెల. కానీ మా పైకప్పుకి అందంగా ఫాల్స్ సీలింగు ఉంది, అసలు స్లాబు దాని వెనకాల ఎక్కడో ఉంది. అపార్టుమెంటు అసోసియేషను అనుమతి, వాళ్ళు డ్రిల్లింగుకి ఒప్పుకునే వేళలు, ఎలక్ట్రీషియను వేసిన తప్పు కన్నం, దాని పక్కన ఒప్పు కన్నం, ఇవన్నీ అయ్యాక కొక్కెం బిగిసింది. అత్తయ్య ఒక తాడు వేసి రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా మోపి వేలాడారు. నేను కళ్ళు మూసుకున్నాను. కొక్కెం కదల్లేదు.

"ఇగ ఓ పాత చీర ఇయ్యి బిడ్డా. నువ్వు కట్టి కట్టి మెత్తగయినది."

బీరువా తెరిచాను. పెళ్ళి పట్టుచీర, రిసెప్షను చీర, గృహప్రవేశం చీర, దేనికదే ఒక కవరులో నాఫ్తలీను ఉండతో సహా కూర్చుని ఉన్నాయి. నేను కట్టి కట్టి మెత్తబడిన చీర ఒక్కటీ లేదు. ఇంట్లో నైటీ, ఆఫీసుకి కుర్తా. అత్తయ్య రెండు చీరల అంచులు వేళ్ళ మధ్య నలిపి చూసి, "గివి గరగర ఉన్నయి, పిల్ల ఒళ్ళు గీసుకపోతది" అని బీరువా మూసేశారు. లోపలికెళ్ళి తను కట్టుకున్న వంగపండు రంగు నూలుచీర విప్పేసి, వేరేది కట్టుకుని వచ్చి, విడిచిన చీరని కొక్కేనికి ముడివేశారు. అందులో వేయగానే నా కూతురు చీర అంచు గుప్పిట్లో పట్టుకుని, ముక్కు దగ్గరికి లాక్కుని, రెండు ఊపులకే నిద్రపోయింది.

తర్వాత అదే పద్ధతి. ఉయ్యాల చీర తడిసిందంటే దాన్ని తీసి ఉతికి ఆరేస్తారు. ఒంటిమీది చీర విడిచి ఉయ్యాలకి కడతారు. ఆరిన చీర మళ్ళీ ఆవిడ కట్టుకుంటారు. వంగపండు రంగుదీ, ఆకుపచ్చదీ రెండు చీరలు అలా ఆవిడ ఒంటిమీంచి కొక్కేనికీ, కొక్కెంమీంచి ఒంటికీ తిరుగుతూ ఉండేవి. ఇన్ని చీరలుండగా ఆ రెంటినే పట్టుకుని వేలాడతారేమిటని నాకు వింతగా ఉండేది. ఆవిడ పొదుపు అనుకున్నాను.

మా అమ్మ పెంపకం వేరు. రాజమండ్రిలో పిల్ల కొయ్య ఉయ్యాలలో పడుకుంది. స్నానం వేళ మటుకు అమ్మ కాళ్ళు చాపుకుని దాన్ని బోర్లా వేసుకుని, నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి నానా గారాబమూ చేసేది. ఆ తర్వాత పాలు, ఉయ్యాల, తలుపు దగ్గరగా వేయడం. కాస్త ఏడ్చినా ఆగి చూడాలి. "ఊరికే ఎత్తుకోకే. చెయ్యి మరిగిందంటే ఇంక దింపలేవు, రేపు నువ్వు ఆఫీసుకి వెళ్ళాలి" అనేది. అమ్మ టీచరుగా చేసింది. నేను చెయ్యి మరిగి ఉంటే అమ్మ బడికి వెళ్ళగలిగేది కాదు. అందుకే నన్ను మరగనివ్వలేదు. నేను బాగానే పెరిగాను. ఆఫీసులో అందరూ నన్ను చాలా ధైర్యస్థురాలంటారు.

అత్తయ్యకి ఈ చెయ్యి మరగడమనే భయమే లేదు. పిల్ల నేలమీద ఉన్నట్టు నేను చూసింది తక్కువ. ఆవిడ చంకలో లేకపోతే ఎదురు ఫ్లాటు పెద్దావిడ చంకలో, అక్కడా లేకపోతే కింద వాచ్‌మన్ భార్య చంకలో ఉండేది. చీపురు పట్టుకున్న చేతులు, బయటి గాలి, ఎవరికేం జలుబుందోనన్న భయం. నేను గింజుకునేదాన్ని.

"అందరికీ ఇచ్చేస్తే ఎలాగండీ అత్తయ్యా? దానికి అమ్మెవరో తెలియాలి కదండీ."

"నాకెందుకు బిడ్డా గీ అండి గిండి" అని నవ్వేవారు ముందు. తర్వాత, "నలుగురి చేతులల్ల తిరగాలె పిల్ల. ఒక్కలకే అంటుకుంటె, ఆ ఒక్కలు లేని నాడు దాని గతేంది?" అనేవారు.

ఇది రెండు ప్రాంతాల తేడానో, ఇద్దరు ఆడవాళ్ళ తేడానో నాకిప్పటికీ తెలియదు. తేడా ఉందని మాత్రం పిల్లకి బాగా తెలిసింది. రాజమండ్రిలో తనంతట తను కళ్ళు మూసుకునే పిల్ల ఇక్కడ మనిషి వాసన లేనిదే రెప్ప వాల్చడం మానేసింది.

మా టీంలో జర్మనీ నుంచి పనిచేసే ఒకావిడ ఉండేది. ఆవిడకీ ఇంచుమించు నా కూతురి ఈడు పిల్లాడు. వాడు పుట్టిన దగ్గర్నుంచీ వేరే గదిలో ఒక్కడే పడుకుంటాడట. వీడియో కాల్‌లో ఆవిడ పక్కన చిన్న పెట్టె ఉండేది. పిల్లాడు ఏడిస్తే దానిమీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆవిడ వాటికేసి చూస్తూనే మాట్లాడేది. "తనతో తను ఉండటం వాడు నేర్చుకోవాలి కదా" అంది ఒకరోజు. ఏం గుండెరా బాబూ, రాయి, అనుకున్నాను. నీ కూతురెక్కడ పడుకుంటుందని అడిగితే, మా అత్తగారి చీరలో అని చెప్పాను. వివరించి చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. "అంటే మీ అత్తగారిలోనే పడుకుంటుందన్నమాట" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

అప్పటికి నా సెలవు అయిపోయి ఆఫీసుకి వెళ్తున్నాను. పొద్దున క్యాబులో కొత్తగూడ జంక్షన్ దాటేలోపే పిల్ల మీద బెంగ మొదలయ్యేది. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఉన్న అంతస్తులో తల్లుల కోసం ఒక చిన్న గది ఇచ్చారు. పంపుతో పాలు తీసి, ఐసు సంచిలో పెట్టి, సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. మర్నాడు అత్తయ్య వాటిని చెంచాతో పట్టేవారు. ఆ గదిలో కూర్చుంటే పాలు ఊరికే రావు. పిల్లని చూడాలి. అందుకే ఇంట్లో పడకగది అల్మారా మీద తెల్లటి కెమెరా ఒకటి పెట్టాను. ఫోనులో పిల్ల కనబడితే చాలు, ఛాతీ బరువెక్కేది. ఆ గాజు గోడల మధ్య, ఏసీ చలిలో, ఇంటి దగ్గరున్న నా పిల్ల నాకు కావాలని ఒళ్ళంతా అనిపించేది. ఆ కెమెరాలో మాట్లాడే వీలు కూడా ఉంది. "చిట్టితల్లీ, అమ్మనే" అనేదాన్ని. అది నాలుగుపక్కలా చూసేది. అత్తయ్య దాన్నెత్తుకుని అల్మారా దగ్గరికి తెచ్చి, కెమెరాకి ముఖం చూపించి, "ఇగో మీ అమ్మ. అమ్మకు టాటా చెప్పు. అమ్మకు ముద్దు పెట్టు" అనేవారు. పిల్ల ముందుకు వంగి ఆ తెల్ల గుండ్రానికి ఎంగిలి ముద్దు పెట్టేది. నా ఫోనంతా మసకగా అయిపోయేది. ఎంత సంబరపడేదాన్నో.

పిల్లకి చూపుడు వేలితో వస్తువులు చూపించడం వచ్చిన కొత్తల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం మంచంమీద కూర్చున్నాం. నా ఒళ్ళోనే ఉంది అది. అత్తయ్య ఆట మొదలుపెట్టారు. "ఫ్యాన్ ఏది?" పైకి చూపించింది. "నాయిన ఏడి?" వాళ్ళ నాన్నకేసి చూపించింది. "నానమ్మ?" నవ్వుతూ ఆవిడ మీదికి ఒరిగింది.

"అమ్మ ఏది?"

నా ఒళ్ళో కూర్చుని, నా వేళ్ళు తన వేళ్ళతో పట్టుకుని ఉన్న నా కూతురు, తల తిప్పి అల్మారా మీది కెమెరాని చూపించింది.

అందరం నవ్వాం. మా ఆయనైతే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేనూ నవ్వి, పిల్లని అతనికందించి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. దాని తప్పేముంది? నా గొంతు వచ్చేది అందులోంచే. ముద్దు పెట్టమన్నదీ దానికే. అత్తయ్యైనా అమ్మని మరిచిపోకూడదనే కదా రోజూ చూపించారు. ఎవరిమీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది. బయటికి వచ్చేసరికి అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "జర ముఖం తుడుచుకో బిడ్డా" అని తన కొంగు అందించారు. ఆ కొంగుకి ఆముదం, తలనొప్పి బామ్, తాలింపు కలిసిన వాసన. నా కూతురు నిద్రపోయేది ఇందులోనా అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మా ఆడపడుచు ఫోను చేసింది. ఆమె మూసాపేటలో కిరాయి ఇంట్లో ఉండేది. ఏడో నెల. దవాఖానలో డాక్టరమ్మ కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని చెప్పిందట. తల్లి వెళ్ళక తప్పదు. అత్తయ్య ఒక సంచిలో బట్టలు సర్దుకుంటూ వంగపండు రంగు చీరా, ఆకుపచ్చ చీరా మంచంమీద వదిలేశారు.

"రెండు పెట్టిన. ఒకటి తడిస్తె ఇంకోటి కట్టుండ్రి. ఫికర్ చెయ్యకు బిడ్డా, మూసాపేటెంత దూరం?"

లిఫ్టు దగ్గర పిల్లని నాకందించి మెట్లమీంచి దిగిపోయారు, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని. లిఫ్టు వచ్చేదాకా నిలబడితే పిల్ల ఏడుస్తుందని.

మేనేజరుని బతిమాలి ఇంటినుంచి పనిచేయడానికి అనుమతి తీసుకున్నాను. నాకు లోపల ఒక ఆశ కూడా ఉంది. ఇప్పుడైనా ఇది నాది కావాలి. నిద్ర వస్తే నన్ను వెతుక్కోవాలి. అంతే నాక్కావలసింది. దానికి మించి ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మొదటి రోజులు గండం లేకుండానే గడిచాయి. చీరల్లో అత్తయ్య ఉన్నారు మరి. ఇంతలో మా ఆయనకి నాకు సాయం చేయాలన్న గొప్ప బుద్ధి పుట్టింది. ఉయ్యాల చీర తడిస్తే, దానితోపాటు మడతలో ఉన్న రెండోదాన్నీ కలిపి వాషింగ్ మెషీన్లో వేశాడు. వేడినీళ్ళు, లిక్విడు, పైగా గులాబీల వాసన వచ్చే ఇంకేదో ద్రవం. బాల్కనీలో ఆరేసి, ఇస్త్రీ కూడా చేసి, పెళ్ళివారి సారెలా తెచ్చి నా ముందు పెట్టాడు. "చూడు, కొత్తవాటిలా అయినయ్" అన్నాడు. నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం పిల్లని అందులో వేశాను. అంచు పట్టుకుంది. ముక్కు దగ్గరికి లాక్కుంది. వదిలేసింది. మళ్ళీ పట్టుకుని ఇంకోపక్కన వాసన చూసింది. పైకప్పుకేసి చూసి, పెదవి విరిచి, ఏడుపు అందుకుంది. అలాంటి ఏడుపు నేనంతకుముందు వినలేదు. అందులో అలక లేదు, ఆకలి లేదు. ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపోయారని ఆ రోజే తెలిసినట్టు ఏడ్చింది. ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుంది. పాలు పడితే ముఖం తిప్పేసింది. పొద్దు వాలేసరికి ముగ్గురం వాడిపోయి ఉన్నాం. అత్తయ్యకి వీడియో కాల్ చేశాను. తెరమీద నానమ్మ కనబడగానే పిల్ల ఫోనుని రెండు చేతులతో పట్టుకుని గుక్కపెట్టింది.

"పెట్టెయ్యి బిడ్డా, పెట్టెయ్యి. నన్ను చూస్తె ఇంకింత ఏడుస్తది."

"మీరొక్కసారి వచ్చి వెళ్ళండి అత్తయ్యా."

"వస్తె మళ్ల పోవాలె గద. పోయినంక మళ్ల గిదే ఏడుపాయె. నేను రాను. నువ్వు గూడ తీసుకరాకు, కాన్పయ్యేదాక" అన్నారు. ఫోను ఆవిడే పెట్టేశారు.

నాకు మొండితనం ఎక్కువ. మా అమ్మ ఎప్పుడూ అనే మాటే. పిల్లని చంకనేసుకుని గది అంతా తిరుగుతూ ఆ రెండు చీరలనీ చూశాను. ఒకటి ఒంటిమీద, ఒకటి కొక్కేనికి. ఆవిడ నెలల తరబడి నా కళ్ళముందే చేసిన పని అది. ఆవిడ వాసన పట్టిన చీరకి నా వాసన పట్టదా? నైటీ విప్పేసి, వంగపండు రంగు చీర కట్టుకున్నాను.

ఇక విప్పలేదు. ఆ చీరతోనే వంట చేశాను, పోపు పెట్టాను, పిల్లకి ఆముదం రాశాను, దాని ముక్కు తుడిచాను. కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడి రెండుసార్లు తూలిపడబోయాను. పాలు కారితే తుడుచుకోలేదు. ఆ చీరతోనే వీడియో కాల్స్‌లో కూర్చున్నాను. "ఏంటి, ఇంట్లో వ్రతమా? ప్రసాదం మాకేదీ?" అని టీం మొత్తం ఆటపట్టించారు. జర్మనీ ఆవిడ మాత్రం కాల్ అయ్యాక ఆగి, పండగా అని అడిగింది. ఉన్నమాట చెప్పాను. ఆవిడ కాసేపు కింద ఉన్న దీపాల పెట్టెకేసి చూసింది. "నేను తొడుక్కుని విడిచిన బనీను ఒకటి వాడి పక్కమీద పెడుతుంటాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు" అంది. రాయి అనుకున్న మనిషి. నాకు ఆవిడని కావలించుకోవాలనిపించింది. మధ్యలో ఇంత సముద్రం ఉంది కదా.

ఆ రోజుల్లోనే కెమెరా తీగ పీకి బీరువాలో పట్టుచీరల పక్కన పడేశాను. "అమ్మ ఏది" అని మటుకు ఎవరినీ అడగనివ్వలేదు. జవాబు వినే ధైర్యం లేదు.

చీర బాగా మురికైపోయి, నా వాసన నాకే కొట్టడం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం దాన్ని విడిచి కొక్కేనికి కట్టాను. ఆకుపచ్చది చుట్టుకున్నాను. పిల్లని మెల్లగా వేశాను. అంచు పట్టుకుంది. ముక్కు దగ్గరికి లాక్కుంది. అది కళ్ళు తిప్పి నాకేసి చూసింది, అంచుకేసి చూసింది, మళ్ళీ నాకేసి చూసింది. ఆ రెండూ ఒకటేనా కాదా అని సరిచూసుకుంటున్నట్టు ఉంది. తర్వాత గుప్పిట బిగించి నిద్రపోయింది. నేను ఆ ఉయ్యాల కిందే నేలమీద పడుకుని, పైన చీరలో ఉబ్బెత్తుగా కనబడుతున్న దాని వీపుని వేలితో తాకుతూ ఉన్నాను. నా జీవితంలో అంత సుఖంగా నేనెప్పుడూ పడుకోలేదు. ఇప్పుడు ఆ కొక్కెం చూసినప్పుడల్లా నాకు కావాలనిపించేది ఆ మధ్యాహ్నమే.

మా ఆడపడుచుకి మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున తొట్టెల ఫంక్షన్. మేం బారసాల అంటాం. పిల్లకి మంచి గౌను వేసి, సంచిలో పాల సీసా, డైపర్లు, అది ఎక్కడ పడుకున్నా కావాలి కాబట్టి వంగపండు రంగు చీర పెట్టుకుని మూసాపేట వెళ్ళాం. అత్తయ్య గుమ్మంలోనే ఉన్నారు. అల్లుడు పెట్టిన కొత్త పట్టుచీర పెళపెళలాడుతోంది. "నా బంగారి తల్లీ" అని చేతులు చాపారు.

పిల్ల నా మెడ చుట్టూ చేతులు బిగించి ముఖం దాచుకుంది.

"కొత్త చీర గద, గుర్తు పట్టలేదు" అన్నారు ఆవిడ అందరూ వినేలా. చుట్టాలు నవ్వారు. ఇల్లంతా జనం, వంటవాళ్ళు నెయ్యి ఎక్కడుందని అడుగుతున్నారు, పంతులుగారు వచ్చేశారు. ఆ హడావిడిలో అత్తయ్య లోపలికెళ్ళి, పట్టుచీర విప్పేసి, ఒక పాత నూలుచీర కట్టుకుని వచ్చారు. ఫంక్షన్ చేసేవాళ్ళమ్మ, పాతచీరతో. "ఏందత్తా గిది" అని ఎవరో అంటున్నా వినిపించుకోలేదు. నా ముందు నిలబడి మళ్ళీ చేతులు చాపారు. ఈసారి పిల్ల ఆ కొంగు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది. చిన్నగా నవ్వింది. ఆవిడ చంకలోకి వెళ్ళింది కూడా. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎదురుగా పోతున్న మెట్రో రైలు చూపించి, పాత ఆట మొదలుపెట్టారు.

"రైలేది? నాయిన ఏడి?"

తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

"అమ్మ ఏది?"

పిల్ల ఆవిడ భుజంమీంచి ఒక్క ఉదుటున నామీదికి వంగింది. నేను పట్టుకోకపోతే పడిపోయేదే. నా ఛాతీమీద అరచేత్తో టపటపా కొట్టి, అక్కడే ముఖం ఆనించింది.

నేనడిగింది నాకు దొరికింది. ఇంతమందిలో, ఇంత స్పష్టంగా. ఎగిరి గంతెయ్యాల్సిన దాన్ని, అత్తయ్యకేసి చూడలేక తల వంచుకున్నాను. ఆవిడ చేతులు ఇంకా పిల్లని ఎత్తుకున్నట్టే గాలిలో ఉన్నాయి. "అగో, మంచిగ గుర్తు పట్టింది" అన్నారు. అని, నెయ్యి చూసొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

భోజనాలయ్యాక మనుషులు పలచబడ్డారు. లోపలి గదిలో పసివాడు ఉయ్యాలలో పడుకుని ఉన్నాడు. ఆ ఉయ్యాలకి కట్టింది మా ఆడపడుచు చీర. నెలలపాటు మంచంమీద ఆమె ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న పసుపుపచ్చ నూలుచీర. అత్తయ్య కింద కూర్చుని ఊపుతున్నారు.

"మీ చీర కట్టలేదేంటండీ అత్తయ్యా?"

ఆవిడ ఊపుతూనే ఉన్నారు. "వీనికి వాళ్ళమ్మదే కట్టిన. మల్లొకపారి నాతోని గాదు బిడ్డా."

నా భుజంమీద నిద్రపోతున్న పిల్ల అరికాలు మీద ఒకసారి చెయ్యి పెట్టి తీసేశారు. తర్వాత నా సంచికేసి చూశారు. పైనే వంగపండు రంగు కనబడుతోంది.

"ఉతికినవా?"

"లేదండీ."

"ఉతకకు. జర నాకియ్యి."

తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో దగ్గరకి తీసుకుని ముఖం అందులో పెట్టుకున్నారు. ఒకచోట వాసన చూసి, ఇంకోచోట చూసి, అంచు దాకా వెతికారు. నా కూతురు వెతికినట్టే.

"పిల్లది వస్తలేదు. అంత నీ వాసనే ఉన్నది" అన్నారు. వెనక్కి ఇచ్చేస్తారనుకుని చెయ్యి చాపాను.

"ఉండనియ్యి" అని, అత్తయ్య ఆ చీరని తన దిండు కింద పెట్టుకున్నారు.